హైస్కూల్లో ఏ భాషలు తీసుకోవాలి? తల్లిదండ్రులకు, విద్యార్థులకు పూర్తి వివరాలు

హైస్కూల్ అడ్మిషన్ ఫారంలో మూడు గడులు ఉంటాయి: ప్రథమ భాష, ద్వితీయ భాష, తృతీయ భాష. చాలామంది తల్లిదండ్రులు "ఏది మంచిదైతే అది మీరే రాసెయ్యండి సార్" అని సంతకం పెట్టి వెళ్లిపోతారు. తర్వాత తొమ్మిదిలోనో పదిలోనో వచ్చి "మా పాపకు తెలుగు ఎందుకు లేదు?", "హిందీ ఎందుకు లేదు?", "ఫ్రెంచ్, జర్మన్ నేర్పించరా?" అని అడుగుతారు. అప్పటికి మార్చడం చాలా కష్టం. అందుకే ఈ విషయాలన్నీ ఒకచోట రాస్తున్నాం. ఇంట్లో అందరూ కూర్చుని చదవండి. పిల్లల్ని కూడా పక్కన కూర్చోబెట్టుకోండి, చదవాల్సింది వాళ్లే కదా.

మార్కుల లెక్క

కర్ణాటక ఎస్.ఎస్.ఎల్.సి.లో చాలా ఏళ్లుగా నడుస్తున్న లెక్క ఇది. మొత్తం మార్కులు 625. ప్రథమ భాషకు 125 (పరీక్షకు 100, ఇంటర్నల్‌కు 25). ద్వితీయ భాషకు 100, తృతీయ భాషకు 100 (ఒక్కోదానిలో పరీక్షకు 80, ఇంటర్నల్‌కు 20). గణితం, విజ్ఞానం, సమాజ విజ్ఞానం ఒక్కోటి 100.

మూడు భాషలూ కలిపితే 325. అంటే 625లో సగానికి పైనే. లెక్కలకు, సైన్సుకు ట్యూషన్ పెట్టించి భాషలను వదిలేసే ఇళ్లు ఈ లెక్క ఒకసారి చూసుకోవాలి. ఒక్క ప్రథమ భాషే మొత్తం మార్కుల్లో అయిదో వంతు.

తృతీయ భాష విషయంలో ఒక మాట. రాష్ట్ర విద్యా విధానం కోసం ప్రొఫెసర్ సుఖదేవ్ థోరట్ అధ్యక్షతన ఏర్పడిన కమిషన్ 2025 ఆగస్టులో ముఖ్యమంత్రికి నివేదిక ఇచ్చింది. అందులో రెండు భాషల పద్ధతిని సిఫార్సు చేసింది. సిఫార్సు వేరు, అమలు వేరు. తృతీయ భాష గురించి, పాస్ మార్కుల గురించి వాట్సాప్‌లో వచ్చిన మాట పట్టుకుని నిర్ణయం తీసుకోవద్దు. మీ పిల్లల బ్యాచ్‌కు వర్తించే బోర్డు సర్క్యులర్ ఆఫీసులో అడిగి చూడండి.

ఏ భాష ఏ గడిలో దొరుకుతుంది

అన్ని భాషలూ అన్ని గడుల్లో దొరకవు. ఈ వ్యాసంలో ముఖ్యంగా తెలుసుకోవాల్సింది ఇదే.

- ప్రథమ భాష: కన్నడం, తెలుగు, హిందీ, మరాఠీ, తమిళం, ఉర్దూ, ఇంగ్లిష్, సంస్కృతం.
- ద్వితీయ భాష: ఇంగ్లిష్ లేదా కన్నడం.
- తృతీయ భాష: హిందీ, కన్నడం, ఇంగ్లిష్, ఉర్దూ, అరబ్బీ, సంస్కృతం, కొంకణి, తుళు వంటివి.

జాబితా మళ్లీ చూడండి. తెలుగు ఒక్క ప్రథమ భాష గడిలోనే ఉంది. రెండో గడిలో లేదు, మూడో గడిలో లేదు. "ఇప్పుడు ఇంగ్లిష్ ఫస్ట్ లాంగ్వేజ్ పెట్టి, తెలుగు థర్డ్‌లో తీసుకుందాం" అనుకుంటే కుదరదు. మొదటి గడిలో తెలుగు రాయకపోతే ఎస్.ఎస్.ఎల్.సి. మార్కుల కార్డులో తెలుగు ఉండదు.

ఇంకో నియమం కన్నడానిది. 2015లో వచ్చిన కన్నడ భాషా అభ్యసన చట్టం ప్రకారం 2015-16లో ఒకటో తరగతి నుంచి మొదలుపెట్టి దశలవారీగా పై తరగతులకు కన్నడాన్ని తప్పనిసరి చేశారు. ప్రథమ భాషగానో ద్వితీయ భాషగానో దాన్ని నేర్పాలి. ఆ ఏడాది ఒకటిలో చేరిన పిల్లలు 2024-25 నాటికి పదో తరగతికి వచ్చేశారు. కాబట్టి తృతీయ భాషల జాబితాలో కన్నడం పేరు కనిపించినా, ఇప్పుడు చదివే పిల్లలకు కన్నడం మొదటి రెండు గడుల్లో ఒకదానిలో ఉంటుందని అనుకునే ప్లాన్ చేసుకోవాలి.

మాధ్యమం వేరు, ప్రథమ భాష వేరు

ఈ రెండూ కలిపేసుకుని చాలామంది కంగారు పడతారు. మాధ్యమం అంటే లెక్కలు, సైన్సు, సోషల్ ఏ భాషలో చెబుతారో అది. ప్రథమ భాష అంటే భాషగా చదివే సబ్జెక్టు. ఇంగ్లిష్ మీడియంలో చదువుతూ తెలుగును ప్రథమ భాషగా తీసుకోవచ్చు. "ఇంగ్లిష్ మీడియం కావాలి కాబట్టి తెలుగు వదిలేస్తున్నాం" అనే మాటకు నిబంధనల్లో ఆధారం లేదు. మాధ్యమం విషయంలో 2014 మే 6న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం కర్ణాటక కేసులోనే తీర్పు చెప్పింది: మాతృభాషలోనే బోధించాలని ప్రభుత్వం బలవంతం చేయకూడదు, ఎంపిక తల్లిదండ్రులది, పిల్లలది. ఆ ఎంపిక మీ చేతిలో ఉంది కాబట్టే తెలిసి చేయాలి.

మన పిల్లలకు ఉన్న దారులు

మొదటి దారి: తెలుగు ప్రథమం, కన్నడం ద్వితీయం, ఇంగ్లిష్ తృతీయం. ఇంటి భాషకు 125 మార్కులు. తెలుగు చదవడం రాయడం బాగా వచ్చిన పిల్లలకు ఇది బలం. లోటు ఏమిటంటే తృతీయ భాషగా ఇంగ్లిష్ పాఠాలు ప్రథమ భాష స్థాయిలో ఉండవు. పి.యు.సి.లో సైన్సు, కామర్స్ తీసుకునేవాళ్లు ఇంగ్లిష్ విడిగా చదువుకోవాలి. హిందీ పరీక్ష ఉండదు.

రెండో దారి: ఇంగ్లిష్ ప్రథమం, కన్నడం ద్వితీయం, హిందీ తృతీయం. ఇంగ్లిష్‌లో పట్టు వస్తుంది. తెలుగు పూర్తిగా పోతుంది. మాట్లాడటం వస్తుంది గాని, చదవడం రాయడం నాలుగైదేళ్లలో మరిచిపోతారు.

మూడో దారి: కన్నడం ప్రథమం, ఇంగ్లిష్ ద్వితీయం, హిందీ తృతీయం. రాష్ట్రంలో ఉద్యోగం, టీచర్ ట్రైనింగ్ లాంటివి ముందే అనుకున్న పిల్లలకు పనికొస్తుంది. ఇందులోనూ తెలుగు ఉండదు.

మూడింటిలో ఏదీ తప్పు కాదు. పిల్లవాడు పదిహేడేళ్లప్పుడు ఎక్కడ ఉంటాడు, ఏం చదువుతాడు అన్నది ముందు ఆలోచించి, అక్కడి నుంచి వెనక్కి లెక్క వేసుకోండి.

తెలుగు క్లాసు నిలవాలంటే

రాయచూరు జిల్లా 1956 నవంబర్ 1న హైదరాబాద్ రాష్ట్రం నుంచి మైసూరు రాష్ట్రంలో కలిసింది. అదే రోజు అమల్లోకి వచ్చిన ఏడో రాజ్యాంగ సవరణతో 350-ఎ అధికరణం వచ్చింది. భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక స్థాయిలో మాతృభాషలో చదువు చెప్పేందుకు తగిన వసతులు కల్పించాలని అది చెబుతుంది. తమ బడులు తాము పెట్టుకునే హక్కు 30వ అధికరణంలో ఉంది. గద్వాల, నారాయణపేట వైపు ఊళ్లలో తరతరాలుగా ఉన్నవాళ్లకైనా, తుంగభద్ర ఎడమ కాలువ నీళ్లొచ్చాక సింధనూరు, మాన్వి వైపు క్యాంపుల్లో స్థిరపడ్డ రైతు కుటుంబాలకైనా ఈ హక్కు ఒకటే.

కాని హక్కు కాగితం మీద ఉంటే చాలదు, పిల్లల సంఖ్య కూడా ఉండాలి. 1949లో విద్యామంత్రుల సమావేశం ఒక కొలత పెట్టుకుంది: ప్రాథమిక స్థాయిలో తరగతికి 10 మంది గాని, బడి మొత్తంలో 40 మంది గాని ఉంటే మాతృభాష టీచర్‌ను ఇవ్వాలి. హైస్కూల్ స్థాయికి తర్వాత ఒప్పుకున్న కొలత తరగతికి 15, పై నాలుగు తరగతుల్లో కలిపి 60.

దీని అర్థం తేలిగ్గా చెప్పాలంటే: మీరు ఫారంలో "తెలుగు" అని రాస్తే అది మీ బిడ్డ ఒక్కరి సంగతే కాదు. ఈ ఏడాది పదిమంది వేరే గడి ఎంచుకుంటే వచ్చే ఏడాది టీచర్ పోస్టు నిలవడం కష్టమవుతుంది. పోస్టు పోయాక తెలుగు కావాలనుకున్న పిల్లలకు కూడా దొరకదు. ఎవరినీ ఇరకాటంలో పెట్టడానికి ఈ మాట చెప్పడం లేదు. తెలుగు వద్దనుకుంటే వద్దనే రాయండి. అయితే నిర్లక్ష్యంతో గడి ఖాళీగా వదిలేసి తెలుగును పోగొట్టుకోవద్దు.

కన్నడం: దగ్గర భాషే, అయినా కష్టపడాలి

మన ఊళ్లలో కన్నడం బజారులో, బస్సులో, ఆఫీసులో రోజూ వినిపిస్తుంది. అందుకే పిల్లలు "కన్నడం వచ్చు" అనుకుని పుస్తకం తియ్యరు. మాట్లాడటం వేరు, పరీక్ష రాయడం వేరు.

సులువు చేసే విషయాలు కొన్ని ఉన్నాయి. రెండు లిపులూ ఒకే పాత లిపి నుంచి వచ్చినవి, చాలా అక్షరాలు చూడగానే పోల్చుకోవచ్చు. క, త, శ లాంటివి, తలకట్టు తిరిగే తీరు వేరు, వాటిని విడిగా రాసి అలవాటు చేసుకోవాలి. మాటల్లో ఒక పద్ధతి గమనించండి. తెలుగులో 'ప'తో మొదలయ్యే చాలా మాటలు కన్నడంలో 'హ'తో మొదలవుతాయి: పాలు - హాలు, పులి - హులి, పాము - హావు, పండు - హణ్ణు, పువ్వు - హూవు, పల్లు అంటే హల్లు. ఇది పట్టుకుంటే సగం మాటలు వాటంతట అవే వస్తాయి.

ఇబ్బంది పెట్టేవి కూడా ఉన్నాయి. కన్నడంలో ఊట అంటే భోజనం, తెలుగులో నీటి ఊట. కన్నడంలో కళ్ళ అంటే దొంగ, మనకు కళ్లు. తిండి అంటే అక్కడ టిఫిన్. ఇలాంటి మాటలకు నోటుబుక్‌లో ఒక పేజీ పెట్టుకోండి.

ఉద్యోగాల సంగతి కూడా గుర్తుంచుకోవాలి. కర్ణాటక లోక సేవా ఆయోగం పరీక్షల్లో కన్నడ పేపర్ తప్పనిసరిగా ఉంటుంది. కల్యాణ కర్ణాటకకు 371-జె అధికరణం కింద చదువులో, ఉద్యోగాల్లో స్థానికులకు రిజర్వేషన్ ఉంది. ఆ అవకాశం వాడుకోవాలంటే కన్నడం రాయడం వచ్చి తీరాలి. తెలుగు నిలుపుకోవడానికి కన్నడం వదులుకోవాల్సిన పని లేదు.

హిందీ సంగతి

మొదటి దారి తీసుకున్న పిల్లలకు హిందీ పరీక్ష ఉండదు గాని, నేర్చుకునే వీలుంది. గాంధీజీ 1918లో మద్రాసులో మొదలుపెట్టిన దక్షిణ భారత హిందీ ప్రచార సభ ప్రాథమిక, మధ్యమ, రాష్ట్రభాష అంటూ మెట్లు మెట్లుగా పరీక్షలు పెడుతుంది. దాని కర్ణాటక శాఖ ధారవాడలో ఉంది. బడి మార్కులకు సంబంధం లేకుండా తీరిక ఉన్నప్పుడు రాసుకోవచ్చు.

మధ్యలో బడి మారే పిల్లలు

పత్తి, మిరప పనుల మీదో, వ్యాపారం మీదో సరిహద్దు దాటే కుటుంబాలు మనలో ఉన్నాయి. తెలంగాణలో 2018 చట్టం ప్రకారం బడుల్లో తెలుగు బోధన దశలవారీగా తప్పనిసరి అయింది. ఇక్కడ తెలుగు వదిలేసిన పిల్లవాడు తొమ్మిదిలో గద్వాలకో మహబూబ్‌నగర్‌కో వెళ్తే తెలుగు దగ్గరే ఇబ్బంది పడతాడు. అటువైపు నుంచి వచ్చిన పిల్లలకు కన్నడం కొత్త. వాళ్లకు చేరిన నెలలోనే అక్షరాల నుంచి మొదలుపెట్టించాలి.

పదో తరగతి తర్వాత కర్నూలుకో హైదరాబాదుకో ఇంటర్‌కు పంపేవాళ్లు ఒకటి సరిచూసుకోండి. కర్ణాటకలో కె.సి.ఇ.టి. ద్వారా ప్రభుత్వ కోటా సీటు కావాలంటే సాధారణ నిబంధన ప్రకారం ఒకటో తరగతి నుంచి ద్వితీయ పి.యు.సి. వరకు ఉన్న ఏళ్లలో కనీసం ఏడేళ్లు కర్ణాటకలో చదివి ఉండాలి. స్టడీ సర్టిఫికెట్లు ప్రతి బడి నుంచి తీసి పెట్టుకోండి.

ఫ్రెంచ్, జర్మన్, జపనీస్: ఎప్పుడు, ఎలా

ఈ మధ్య తల్లిదండ్రులు ఎక్కువగా అడుగుతున్నది ఇదే. 2020 జాతీయ విద్యా విధానం సెకండరీ స్థాయిలో కొరియన్, జపనీస్, ఫ్రెంచ్, జర్మన్, స్పానిష్, పోర్చుగీస్, రష్యన్, థాయ్ లాంటి భాషలు నేర్చుకునే వీలు ఉండాలంది. కాని రాష్ట్ర సిలబస్‌లో పైన చెప్పిన మూడు గడుల్లో ఫ్రెంచ్, జర్మన్, జపనీస్ లేవు. విదేశీ భాష అనదగ్గది తృతీయ భాషల జాబితాలో అరబ్బీ. పి.యు.సి.కి వెళ్తే భాషల జాబితా పెద్దది: కన్నడం, తెలుగు, హిందీ, ఉర్దూ, తమిళం, మరాఠీ, మలయాళం, సంస్కృతం, అరబ్బీతో పాటు ఫ్రెంచ్ కూడా ఉంది. జాబితాలో ఉన్నంత మాత్రాన ప్రతి కాలేజీలో లెక్చరర్ ఉండరు. తెలుగుకైనా ఫ్రెంచ్‌కైనా చేరకముందే కాలేజీలో అడగాలి.

తొందర పడాల్సిన పని లేదు. విదేశీ భాషలు పదహారు, పద్దెనిమిదేళ్లకు అక్షరాల నుంచి మొదలుపెట్టినా నేర్చుకోవచ్చు. హైదరాబాద్‌లోని ఇంగ్లిష్, విదేశీ భాషల విశ్వవిద్యాలయం (1958లో ఇంగ్లిష్ సంస్థగా మొదలైంది) ప్లస్ టూ తర్వాత ఫ్రెంచ్, జర్మన్, జపనీస్, స్పానిష్, రష్యన్, అరబ్బీ లాంటి భాషల్లో డిగ్రీ చెబుతుంది. తెలుగుకు మాత్రం హైస్కూల్లో ఉన్నది ఒక్క గడే, అది దాటిపోతే మళ్లీ రాదు. అందుకే మా సలహా వరుస ఇది: ముందు తెలుగు, కన్నడం, ఇంగ్లిష్ గట్టి చేసుకోండి, విదేశీ భాషను పదో తరగతి పరీక్షల తర్వాతి సెలవుల్లో మొదలుపెట్టండి.

ఏ భాష అన్నది అవసరాన్ని బట్టి ఉంటుంది.

- జర్మన్: జర్మనీ ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో చాలా చోట్ల ట్యూషన్ ఫీజు లేదు (బాడెన్-వుర్టెంబర్గ్ రాష్ట్రంలో విదేశీ విద్యార్థులకు సెమిస్టర్‌కు 1500 యూరోలు ఉంది). నర్సింగ్‌కు వెళ్లేవాళ్లకు మామూలుగా బి2 స్థాయి అడుగుతారు. మొదటి మెట్టు ఎ1 చేరడానికి గోథే ఇన్‌స్టిట్యూట్ చెప్పే లెక్క 45 నిమిషాల క్లాసులు 80 నుంచి 200. బి2 అంటే దానికి కొన్ని రెట్లు. "మూడు నెలల్లో జర్మనీ" అనే ప్రకటనలు నమ్మకండి.
- జపనీస్: జె.ఎల్.పి.టి. పరీక్షకు ఎన్5 నుంచి ఎన్1 వరకు అయిదు మెట్లు, ఎన్5 అన్నిటికంటే సులువు. మన దేశంలో జూలైలో, డిసెంబర్‌లో కొన్ని నగరాల్లోనే జరుగుతుంది. తెలుగువాళ్లకు ఒక అనుకూలం ఉంది: వాక్యంలో క్రియ మనలాగే చివర వస్తుంది. "నేను అన్నం తింటాను" వరుసలోనే అక్కడా మాటలు కూర్చుతారు. లిపి మాత్రం కష్టం. హిరగానా, కతకానా ఒక్కోటి 46 మూలాక్షరాలు, ఆపై కంజీ.
- ఫ్రెంచ్: డెల్ఫ్ పరీక్షలు ఎ1 నుంచి బి2 వరకు ఉంటాయి. బెంగళూరు, హైదరాబాద్ అలియాన్స్ ఫ్రాన్సేజ్ కేంద్రాల్లో నేర్పుతారు. పి.యు.సి.లో మార్కులకు కూడా పనికొస్తుంది.
- అరబ్బీ: పుస్తకంలో నేర్చుకునే అరబ్బీ, గల్ఫ్‌లో మాట్లాడే అరబ్బీ ఒకటి కాదు. పని మీద వెళ్లేవాళ్లు మాట్లాడే భాష నేర్పేవాళ్లను వెతకాలి.

ఖర్చు లేకుండా రుచి చూడాలంటే స్వయం, ఎన్.పి.టి.ఇ.ఎల్. వెబ్‌సైట్లలో ఐ.ఐ.టి.ల అధ్యాపకులు చెప్పిన జర్మన్, జపనీస్ ప్రారంభ పాఠాలు ఉచితంగా ఉన్నాయి. రెండు నెలలు అవి చూసి ఆసక్తి నిలిస్తే అప్పుడు ఫీజు కట్టండి. కోచింగ్ సెంటర్ తన సొంతంగా ఇచ్చే సర్టిఫికెట్‌కు విదేశాల్లో విలువ తక్కువ. గోథే, డెల్ఫ్, జె.ఎల్.పి.టి. లాంటి పరీక్షల సర్టిఫికెట్లే అడుగుతారు.

తరగతి వారీగా చేయాల్సినవి

ఏడు: తెలుగు, కన్నడం రెండూ తడబడకుండా చదవగలుగుతున్నారా చూడండి. ఒక పేజీ పైకి చదివించండి చాలు, తెలిసిపోతుంది.

ఎనిమిది: గడులు నింపే ఏడాది. ఫారం ఇంటికి తీసుకెళ్లి ఆలోచించి రాయండి. కన్నడానికి రోజూ అరగంట.

తొమ్మిది: ఇంగ్లిష్ తృతీయ భాషగా ఉన్నవాళ్లు వారానికి ఒక చిన్న కథో, పేపర్లో ఒక వార్తో చదివి అయిదు వాక్యాలు సొంతంగా రాయాలి. సైన్సు మాటలు ఇంగ్లిష్‌లో కూడా నేర్చుకోవాలి.

పది: కొత్త భాష ఏదీ మొదలుపెట్టొద్దు. ఉన్న మూడింటినీ రాసి సాధన చేయండి. 2024 నుంచి ఎస్.ఎస్.ఎల్.సి. ఏడాదికి ఒకటి కంటే ఎక్కువ పరీక్షలుగా జరుగుతోంది. మొదటిదాంట్లో ఒక భాష పోయినా ఏడాది పోయినట్టు కాదు, భయపడొద్దు.

పరీక్షల తర్వాత: విదేశీ భాష రుచి చూడటానికి ఇదే సమయం. చేరబోయే కాలేజీలో ఏ భాషలు ఉన్నాయో కనుక్కోండి.

సంతకం పెట్టేముందు ఆఫీసులో అడగండి

1. మా పిల్లల బ్యాచ్‌కు వర్తించే భాషల సర్క్యులర్ ఏది?
2. తెలుగు ప్రథమ భాష తీసుకుంటే ద్వితీయ, తృతీయ గడుల్లో ఏవి వస్తాయి?
3. ఆ మూడు భాషలకూ ఈ ఏడాది టీచర్లు ఉన్నారా?
4. తర్వాత మార్చుకోవాలంటే ఏ తేదీలోపు దరఖాస్తు ఇవ్వాలి?
5. పాఠ్యపుస్తకాలు వచ్చాయా? రాకపోతే దీక్షా యాప్‌లో ఉన్న కాపీ ఏది?

పిల్లలకు ఒక మాట: ఫారంలో ఏం రాశారో మీరు కూడా చూడండి. ఫ్రెండు తీసుకున్నాడని మీరూ అదే తీసుకోవద్దు. ఏ భాషలో చదవడం మీకు ఇష్టమో, ఏది కష్టంగా ఉందో ఇంట్లో చెప్పండి. ఫారంలో ఏమైనా అర్థం కాకపోతే క్లాస్ టీచర్‌ను గాని హెచ్.ఎం. గారిని గాని బడి వేళల్లో ఎప్పుడైనా అడగవచ్చు. గడి ఖాళీగా ఉన్న ఫారం మాత్రం ఇవ్వకండి.